ఒకే నలుపు, వేరు వేరు పుట్టుకలు: దక్కను లావా పొరల రసాయన చరిత్ర

(రాజమహేంద్రవరంలో భూగర్భశాస్త్ర విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

సభాధ్యక్షులకు, అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం.

దక్కను పీఠభూమి మీద అంతస్తులు అంతస్తులుగా పేరుకున్న లావా గురించి ఈ సాయంత్రం మాట్లాడదలచుకున్నాను. కంటికి ఒకే తీరుగా కనిపించే ఆ నల్లరాతి పొరలు ఒకే ముడిసరుకు నుంచి పుట్టినవి కావు. ఒక్కొక్క కాలంలో పైకి వచ్చిన శిలాద్రవం భూగర్భంలో ఒక్కొక్క దారి పట్టింది, ఆ దారిలో వేరు వేరు రాళ్లను కరిగించి తనలో కలుపుకుంది. ఆ ప్రయాణపు ఆనవాళ్లు గడ్డకట్టిన బసాల్టులో ఈనాటికీ చెరగకుండా ఉన్నాయి. వాటిని ఎలా చదువుతారు, చదివితే ఏం తెలిసింది, అందులో ఎంతవరకు నమ్మవచ్చు అన్నవే నా మాటల్లోని ముఖ్యాంశాలు.

అగ్నిపర్వతం అనగానే మనకు శిఖరం మీద గుంట ఉన్న శంఖాకారపు కొండ గుర్తుకు వస్తుంది. దక్కనులో అటువంటి కొండ కోసం వెతికి ప్రయోజనం లేదు. ఇక్కడ నేల పొడవాటి చీలికలుగా విచ్చుకుంది, ఆ చీలికల గుండా పల్చటి బసాల్టు ద్రవం పొంగి, పల్లం ఎటు ఉంటే అటు పారి, మైళ్ల కొద్దీ పరుచుకుని గడ్డకట్టింది. ఆ చీలికల్లోనే బిగుసుకుపోయిన రాతి గోడలను డైకులు అంటాము. నర్మదా, తపతీ లోయల వెంబడి, నాసిక్, పుణే ప్రాంతాల్లో, కొంకణ తీరంలో అవి వందల సంఖ్యలో కనిపిస్తాయి. ఇప్పుడు మిగిలిన దక్కను బసాల్టు విస్తీర్ణమే సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లు. కోతకు పోయినదీ, అరేబియా సముద్రం అడుగున మునిగినదీ కలుపుకుంటే తొలినాటి ఘనపరిమాణం 10 లక్షల ఘన కిలోమీటర్లకు పైబడి ఉండవచ్చని అంచనా. దాని తూర్పు అంచు తెలంగాణలో వికారాబాదు, జహీరాబాదు, నారాయణఖేడ్, భైంసా, ఆదిలాబాదు ప్రాంతాల దాకా వచ్చి ఆగిపోతుంది. అక్కడ పత్తి పండే నల్లరేగడిలో చాలా భాగం ఆ లావా శిథిలమై మిగిల్చిన మట్టే. ఆ అంచు నుంచి సుమారు 400 కిలోమీటర్లు బసాల్టు జాడ తెగిపోయి, మళ్లీ మీ గోదావరి ఒడ్డున కాతేరు దగ్గరా, ఆవలి గట్టున పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు దగ్గరా హఠాత్తుగా ప్రత్యక్షమవుతుంది. ఈ చిన్న ముక్క సంగతి చివర్లో వివరంగా చెబుతాను. అంతవరకు కొంచెం ఓపిక పట్టాలి.

పడమటి కనుమల్లో ఘాట్ రోడ్డు మీద ప్రయాణించిన వారు కొండచరియల్లో మెట్లు మెట్లుగా కనిపించే పొరలను గమనించే ఉంటారు. ఒక్కొక్క మెట్టు ఒక లావా ప్రవాహం, లేదా కొన్ని ప్రవాహాల దొంతర. రెండు ప్రవాహాల మధ్య అక్కడక్కడ ఇటుక రంగు మట్టి పొర సన్నగా కనిపిస్తుంది. ఒక పొంగుకూ మరొక పొంగుకూ మధ్య నేల కొంతకాలం ఎండకు, వానకు ఆరుబయట ఉందని ఆ ఎర్రమట్టి చెబుతుంది. కొన్నిచోట్ల ఆ విరామం ఇంకా దీర్ఘంగా సాగి, చెరువులు ఏర్పడి, వాటి అడుగున బురద పేరుకుంది. వికారాబాదు దగ్గరి నస్కల్‌లో అటువంటి బురద పొరలోనే ఎలుకంత చిన్న క్షీరదపు పళ్లు దొరికాయి. జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని 1988లో ఆ జీవికి డెక్కనొలెస్టీస్ అని పేరు పెట్టారు. భారతదేశంలో క్రెటేషియస్ యుగపు క్షీరదం దొరకడం అదే మొదలు. ఇది మన ప్రధాన విషయానికి పక్కదారే అయినా, లావా పొరల మధ్య జీవితం సాగుతూనే ఉందన్న సంగతి గుర్తుండడం మంచిదని ప్రస్తావించాను.

ఇన్ని వందల ప్రవాహాలను ఒకదాని నుంచి మరొకదాన్ని వేరు చేసి చెప్పడం ఎలా? పాత రోజుల్లో ఈ లావా మెట్లను ట్రాపులని పిలుస్తూ, కింది ట్రాపులు, మధ్య ట్రాపులు, పై ట్రాపులు అని మూడు ముక్కలుగా చెప్పి సరిపెట్టుకునేవారు. ఒక జిల్లాలోని రాయికి పొరుగు జిల్లాలోని రాయితో పొత్తు కుదర్చడానికి ఆ విభజన ఏమాత్రం పనికి రాలేదు. క్షేత్రంలో కంటితో పట్టగలిగిన గుర్తు ఒక్కటుంది. కొన్ని ప్రవాహాల్లో ప్లేజియోక్లేజ్ అనే ఖనిజపు స్ఫటికాలు అంగుళాల పొడవున, తెల్లటి బద్దల్లాగా పరుచుకుని ఉంటాయి. నేల లోపలి గదిలో శిలాద్రవం చాలాకాలం నిలవ ఉంటే తప్ప స్ఫటికాలు అంత పెద్దవి కావు. కింది అంతస్తుల్లో ఒక్కొక్క దశ ముగింపు దగ్గర ఇటువంటి ప్రవాహం రావడం వల్ల అవి మంచి సరిహద్దు రాళ్లుగా ఉపయోగపడ్డాయి. అయితే ఆ గుర్తు అన్ని అంతస్తుల్లోనూ లేదు.

అసలు మలుపు 1980ల్లో వచ్చింది. బ్రిటన్‌లో కె.జి. కాక్స్, సి.జె. హాక్స్‌వర్త్, అమెరికాలో జాన్ మహోనీ, పీటర్ హూపర్, ఐఐటీ బొంబాయిలో కె.వి. సుబ్బారావు, వీరి సహచరులు కనుమల చరియల మీద కింది నుంచి పైదాకా ప్రవాహం ప్రవాహంగా రాళ్లు సేకరించి, ప్రయోగశాలలో ఒక్కొక్క రాతిలోని మూలకాల పాళ్లు కొలిచి, ఆ కొలతల ఆధారంగా పొరలకు పేర్లు పెట్టారు. కింది నుంచి చెప్పుకుంటే జవ్హార్, ఇగత్‌పురి, నేరళ్, ఠాకుర్‌వాడి, భీమాశంకర్. ఇవి కళసూబాయి ఉపవర్గం. వాటి మీద ఖండాలా, బుశే. ఇవి లోణావళా ఉపవర్గం. ఆ పైన పోలాద్‌పూర్, అంబేనళి, మహాబలేశ్వర్, ఇంకా దక్షిణాన పన్హాళా, దేసూర్. వీటన్నిటినీ కలిపి వాయి ఉపవర్గం అంటారు. యాత్రలు చేసే తెలుగువారికి ఈ పేర్లలో కొన్ని కొత్తవి కావు. జ్యోతిర్లింగాల్లో ఒకటైన భీమాశంకరం ఈ కొండల్లోనిదే. కృష్ణానది పుట్టేది మహాబలేశ్వరం పొరల మీదనే, గోదావరి పుట్టే త్ర్యంబకం కూడా బసాల్టు కొండే.

రసాయనిక కొలత అని తేలికగా అంటున్నాను గాని, అందులోని తర్కం కొంచెం విడమరచి చెప్పవలసినది. శిలాద్రవం నేల లోపల చల్లబడుతున్నప్పుడు కొన్ని ఖనిజాలు ముందుగా స్ఫటికాలై అడుగుకు చేరిపోతాయి, మిగిలిన ద్రవంలో మూలకాల పాళ్లు మారిపోతాయి. కాబట్టి రెండు రాళ్లలో టైటానియం వేరుగా ఉన్నంత మాత్రాన వాటి మూలాలు వేరని చెప్పలేము. ఒకే ద్రవం రెండు మజిలీల్లో రెండు రాళ్లను ఇచ్చి ఉండవచ్చు. ఈ చిక్కును విడదీసేవి ఐసోటోపులు, అంటే ఒకే మూలకంలో బరువు వేరుగా ఉండే పరమాణువులు. ఒకే మూలకంలోని బరువైన పరమాణువులకూ తేలికైన పరమాణువులకూ మధ్య నిష్పత్తి ఇటువంటి స్ఫటికీకరణ వల్ల చెప్పుకోదగినంతగా మారదు. వేరే నిష్పత్తి ఉన్న మరో రాయి వచ్చి కలిస్తేనే మారుతుంది.

స్ట్రాన్షియం సంగతే చూద్దాం. రుబీడియం-87 అతి నెమ్మదిగా క్షయించి స్ట్రాన్షియం-87గా మారుతుంది. దాని అర్ధాయువు సుమారు 4,900 కోట్ల సంవత్సరాలు, అంటే భూమి వయసుకు పదింతలకు పైమాట. స్ట్రాన్షియం-86 మాత్రం ఏ క్షయం వల్లా పుట్టదు. అందువల్ల ఒక రాతిలో రుబీడియం ఎంత ఎక్కువగా ఉంటే, ఆ రాయి ఎంత పాతదైతే, స్ట్రాన్షియం-87కూ 86కూ మధ్య నిష్పత్తి అంత పెద్దదవుతుంది. రుబీడియం స్వభావం ఏమిటంటే, మాంటిల్‌లోని, అంటే భూపటలం కింద ఉన్న మందపాటి రాతి పొరలోని, ఖనిజాల్లో అది ఇమడదు, కరిగినప్పుడల్లా ద్రవంతో పాటు పైకి వచ్చేస్తుంది. యుగయుగాలుగా అలా పైకి చేరి ఖండాల భూపటలంలో పోగైంది, మాంటిల్‌లో తరిగిపోయింది. సముద్రాల నడిమి రిడ్జిల (నీటి అడుగున ఉన్న పర్వత శ్రేణుల) దగ్గర ఈనాడు పుడుతున్న బసాల్టులో ఆ నిష్పత్తి 0.7025, 0.703 ప్రాంతంలో ఉంటుంది. దక్కను కింద పునాదిగా ఉన్న ధార్వాడ్ గ్రానైట్లు, నైస్‌లు 250 కోట్ల సంవత్సరాలకు పైబడినవి. వాటిలో అది దీనికన్నా ఎంతో ఎక్కువ. సమేరియం-147 క్షయించి నియోడిమియం-143 కావడం రెండో గడియారం. ఇందులో కథ తలకిందులు, పాత ఖండ శిలల్లో నియోడిమియం నిష్పత్తి మాంటిల్ కన్నా తక్కువగా ఉంటుంది. ఆ తేడాను ఎప్సిలాన్ అనే కొలమానంతో చెబుతారు. విలువ ధనాత్మకమైతే మాంటిల్ పోలిక, బాగా రుణాత్మకమైతే పాత భూపటలపు పోలిక అని స్థూలంగా అనుకోవచ్చు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే చాలు, మిగిలిన గణితంతో మనకు ఈ రోజు పని లేదు.

ఇప్పుడు ఈ కొలతలతో కనుమలను కింది నుంచి పైకి ఎక్కుదాం. జవ్హార్ నుంచి ఖండాలా దాకా స్ట్రాన్షియం నిష్పత్తి దాదాపు 0.706కూ 0.713కూ మధ్య అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. అంటే మాంటిల్ ద్రవంలో ఎంతో కొంత ఖండ శిల ప్రతిసారీ కలుస్తూనే ఉంది, కలిసే పాళ్లూ కలిసే రాళ్లూ మారుతున్నాయి. బుశే దగ్గరకు వచ్చేసరికి అది ఒక్కసారిగా పెరిగి కొన్ని ప్రవాహాల్లో 0.720 దాకా పోతుంది, నియోడిమియం ఎప్సిలాన్ –10 కంటే కిందికి దిగిపోతుంది. మొత్తం కనుమల్లో భూపటలం ఇంతగా కలిసిన రాయి మరొకటి లేదు. ఆ పైన పోలాద్‌పూర్‌లో నిష్పత్తి 0.711 నుంచి 0.705 వైపు దిగుతుంది. అంబేనళికి చేరేసరికి 0.704 ఇరుగుపొరుగున స్థిరపడిపోతుంది, ఎప్సిలాన్ ధనాత్మకమై కొన్నిచోట్ల +8 వరకు పోతుంది. ఖండ భూపటలపు పైభాగంలో సగటున 600 పీపీఎం (పది లక్షల పాళ్లలో 600) దరిదాపుల్లో ఉండే బేరియం, అంబేనళి రాతిలో సాధారణంగా 100 పీపీఎం లోపే ఉంటుంది. వందల మీటర్ల మందాన, ప్రవాహం మీద ప్రవాహంగా, దాదాపు కల్తీ లేని మాంటిల్ ద్రవం పొంగిందన్నమాట. అంబేనళి పైన మహాబలేశ్వర్ పొరల్లో నిష్పత్తి మళ్లీ 0.7055 వరకు కొద్దిగా పెరుగుతుంది. ఆ పెరుగుదల బుశే తరహాది కాదు, దాని సంగతి వేరుగా చెప్పుకోవాలి.

బుశే విషయంలో నాకు ఎప్పటికీ ఆసక్తి తగ్గని చిక్కుముడి ఒకటుంది. మామూలు ఆలోచన ప్రకారం, శిలాద్రవం గదిలో ఎక్కువ కాలం నిలిచి, చల్లబడి, ఎక్కువ స్ఫటికాలను వదిలిన కొద్దీ చుట్టూ ఉన్న రాతిని ఎక్కువ కరిగించుకోవాలి. అంటే మెగ్నీషియం తగ్గిన, ముదిరిన రాళ్లలోనే కల్తీ ఎక్కువగా కనిపించాలి. కాలిన్ డీవీ, కాక్స్ 1987లో చూపించినదేమిటంటే, దక్కనులోని కొన్ని పొరల్లో ఇది తారుమారుగా ఉంది. మెగ్నీషియం ఎక్కువగా ఉన్న, లేత ద్రవాల్లోనే భూపటలపు పాలు అధికం. దీనికి వారు ఇచ్చిన వివరణ నాకు సబబుగానే తోస్తుంది. మెగ్నీషియం ఎక్కువగా ఉన్న ద్రవం అంటే ఎక్కువ వేడిగా ఉన్న ద్రవం. అది సన్నని చీలికల గుండా వడిగా, సుడులు తిరుగుతూ పైకి వస్తున్నప్పుడు గోడలను కరిగించే శక్తి దానికే ఎక్కువ. చల్లబడిన ద్రవం నింపాదిగా వస్తుంది, గోడకు తాకిన చోట తానే గడ్డకట్టి ఒక పూతలాగా నిలిచి, వెనక వచ్చే ద్రవానికీ గోడకూ మధ్య అడ్డుపడుతుంది. కల్తీ అనేది గదిలో తీరుబడిగా జరిగినది కాదు, దారిలో హడావుడిగా జరిగినదని ఈ వాదన సారాంశం.

మరి బుశే తరువాత, కొద్ది కాలంలోనే, ఆ కల్తీ ఎందుకు ఆగిపోయింది? ఇక్కడ ఒక్క కారణంతో సరిపెట్టడం నాకు ఇష్టం లేదు. దారి పొడవునా సులభంగా కరిగే గ్రానైట్ భాగాలు అంతకుముందే కరిగి పోయి ఉండవచ్చు. గట్టిపడిన బసాల్టు పూత గోడలను కప్పి ఉండవచ్చు. ద్రవం వచ్చే పరిమాణం విపరీతంగా పెరిగినప్పుడు, అంతే మోతాదు ఖండ శిల కలిసినా దాని ఆనవాలు పలచబడిపోతుంది. మొత్తం దక్కను ఘనపరిమాణంలో సింహభాగం వాయి ఉపవర్గానిదే కాబట్టి ఈ మూడో కారణానికి నేను కొంచెం ఎక్కువ బరువు ఇస్తాను. చీలికల స్థానం మారి, శిలాద్రవం వేరే రాళ్ల గుండా రావడం మొదలుపెట్టిందన్నదీ కొట్టిపారేయదగిన మాట కాదు.

మహాబలేశ్వర్ దగ్గర వివాదం ఇంకా గట్టిది. స్ట్రాన్షియం, నియోడిమియం నిష్పత్తులను ఒక పటం మీద గుర్తిస్తే, బుశే, పోలాద్‌పూర్, మహాబలేశ్వర్ చుక్కలన్నీ అంబేనళి దగ్గర నుంచి బయలుదేరి, తలా ఒక దిక్కుకు సాగిన వరుసల్లాగా కనిపిస్తాయి. అంటే అన్నిటికీ తల్లి ఒక్కటే, అంబేనళి వంటి మాంటిల్ ద్రవం. కలిసినవి మాత్రం వేరు. మహాబలేశ్వర్ వరుసలో నియోడిమియం తగ్గుతున్నా స్ట్రాన్షియం పెద్దగా పెరగదు, సీసం-206కూ 204కూ మధ్య నిష్పత్తి చాలా తక్కువ. పైభాగపు గ్రానైట్ కలిస్తే ఇలా ఉండదు. పీటర్ లైట్‌ఫుట్, హాక్స్‌వర్త్ వంటివారు దీనికి ఖండం అడుగున అంటుకుని ఉన్న పాత మాంటిల్ పలక, అంటే లిథోస్ఫియర్ అడుగు భాగం, కొంత పాలు ఇచ్చిందన్నారు. రుబీడియం, యురేనియం ఏనాడో కోల్పోయిన కింది భూపటలం కలిసినా ఇటువంటి గుర్తులే రావచ్చని మరికొందరు వాదించారు. రెండింటి ఆనవాళ్లు చాలావరకు కలిసిపోతాయి కనుక, ఈ వివాదం ఐసోటోపులతో మాత్రమే తేలుతుందని నేను అనుకోవడం లేదు.

అంబేనళి తల్లి ద్రవం సంగతి చూస్తే, అది మాంటిల్‌లో ఎక్కడిది? హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి కింద ఈనాటికీ చురుకుగా ఉన్న హాట్‌స్పాట్ మీదుగా ఆనాడు భారత పలక సాగుతూ ఉండేదనీ, అక్కడ లోతుల నుంచి వచ్చిన వేడి మాంటిల్ స్తంభమే దక్కను లావాకు మూలమనీ ఎక్కువమంది అంగీకరిస్తున్నారు. రీయూనియన్ లావాలో స్ట్రాన్షియం నిష్పత్తి కూడా 0.704 పైచిలుకే. అంబేనళి విలువలు రీయూనియన్ రకానికీ సముద్రపు రిడ్జి రకానికీ నడుమ పడతాయి. గుజరాత్‌లో తవ్విన బోరుబావుల్లో దొరికిన లావాలు రీయూనియన్‌కు ఇంకా దగ్గర పోలిక చూపించాయని జెడ్.ఎక్స్. పెంగ్, మహోనీ 1995లో చూపారు. అంతకు రెండేళ్ల ముందు అశీష్ బసు బృందం రాజస్థాన్‌లోని ముండ్వారా, సర్నూ శిలల్లో హీలియం-3కూ హీలియం-4కూ మధ్య నిష్పత్తి వాతావరణంలో ఉన్నదానికి దాదాపు 14 రెట్లు ఉన్నట్లు కనుగొన్నది. సుమారు 6.85 కోట్ల సంవత్సరాల నాటి ఆ శిలలు ప్రధాన లావాకు ముందే వచ్చినవి. హీలియం-3 భూమి పుట్టినప్పుడు లోపల చిక్కుకున్న వాయువు. అది అంత పాలు ఉందంటే మూలం లోతైనదని అర్థం చేసుకోవడం సహజం.

కాలం విషయం క్లుప్తంగా చెబుతాను, అది వేరే ప్రసంగానికి తగినంత పెద్దది. కనుమల్లోని ప్రధాన దొంతర సుమారు 6.63 కోట్ల సంవత్సరాల క్రితం మొదలై, దాదాపు ఏడున్నర లక్షల ఏళ్లలో ముగిసింది. నడుమ, 6.6 కోట్ల ఏళ్ల ప్రాంతంలో, మెక్సికోలోని చిక్సులూబ్ దగ్గర గ్రహశకలం పడింది, డైనోసార్లు అంతరించాయి. 2019లో ఒకే వారం రెండు బృందాల ఫలితాలు వెలువడ్డాయి. బ్లెయిర్ షోయీన్ బృందం ఎర్రమట్టి పొరల్లో దొరికిన జిర్కాన్ స్ఫటికాల వయసు కట్టి, లావా విడతలు విడతలుగా పొంగిందనీ, వాటిలో ఒక పెద్ద విడత గ్రహశకలానికి కొన్ని పదుల వేల ఏళ్ల ముందే మొదలైందనీ అన్నది. కోర్ట్నీ స్ప్రెయిన్ బృందం ఆర్గాన్ పద్ధతిలో లావా వయసే నేరుగా కట్టి, నాలుగింట మూడు వంతుల ఘనపరిమాణం ఆ ఘటన తరువాతే వచ్చిందన్నది. నేను ఇందులో ఏ పక్షమూ వహించను. మనకు కావలసిన సంగతి ఒక్కటే. బుశే నుంచి పోలాద్‌పూర్‌కు మారే చోట రసాయనం మారడమూ, పోలాద్‌పూర్, అంబేనళి నుంచి లావా పరిమాణం పెరగడమూ, ఆ కాలపు సరిహద్దూ దగ్గరదగ్గరగా ఉన్నాయి. గ్రహశకలపు అదురుకు లోపలి గదులు కదిలి, పొంగు పెరిగిందని 2015లో మార్క్ రిచర్డ్స్ తదితరులు ప్రతిపాదించినప్పుడు వారి దృష్టిలో ఉన్నదీ ఇదే. ఆసక్తికరమైన ఊహ. రుజువైన విషయంగా విద్యార్థులు రాయకూడదు.

ఈ పొరలన్నీ బల్లపరుపుగా లేవు. ఉత్తరాన పాతవి, దక్షిణానికి వచ్చే కొద్దీ కొత్తవి నేల మీద కనిపిస్తాయి. కొత్త పొరలు పాత పొరల అంచు దాటి నేరుగా పునాది శిలల మీదికి పరుచుకున్నాయి. భారత పలక హాట్‌స్పాట్ మీదుగా ఉత్తరానికి కదులుతుంటే లావా వెలువడే ప్రదేశం దక్షిణానికి జరుగుతూ వచ్చిందని దీనికి వివరణ. దీని ఫలితం తెలంగాణ, కర్ణాటక అంచుల్లో స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ కనిపించేవి ఎక్కువగా వాయి ఉపవర్గపు రాళ్లే. మందం కూడా తూర్పుకు వచ్చే కొద్దీ తగ్గుతుంది. 1993 సెప్టెంబరు 30 నాటి లాతూరు భూకంపం తరువాత కిల్లారిలో 617 మీటర్ల లోతు బోరు వేస్తే, బసాల్టు 338 మీటర్లకే అయిపోయి, సన్నని అవక్షేపపు పొర కింద పునాది శిల తగిలింది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఆ పునాది శిలను ఎంతో శ్రద్ధగా పరిశీలించారు. కోయ్‌నాలో వేసిన తొలి బోరులో మాత్రం బసాల్టు 932 మీటర్లు దాటింది. శిలాద్రవం దారిలో ఏ రాతిని కరిగించిందో ఊహించడం ఒక పద్ధతి, ఆ రాతిని బయటికి తీసి చేత్తో పట్టుకోవడం ఇంకో పద్ధతి. ఈ బోర్ల అసలు విలువ ఆ రెండోదానిలో ఉంది.

ఇక మీ రాజమండ్రి ట్రాపులు. గోదావరికి ఇరువైపులా కలిపి బయటికి కనిపించే విస్తీర్ణం 35 చదరపు కిలోమీటర్ల ప్రాంతం. కంకర కోసం తవ్విన గౌరీపట్నం, పంగిడి క్వారీల్లో కింద ఒక బసాల్టు, దాని మీద సున్నపురాయి, బంకమట్టి పొరలు, ఆ పైన మరో బసాల్టు స్పష్టంగా కనిపిస్తాయి. మధ్య పొరల్లోని సూక్ష్మజీవుల శిలాజాలు ఉప్పునీటి ప్రభావాన్ని చూపుతాయి, అంటే తీరం అప్పుడు ఇక్కడిదాకా ఉంది. డైనోసార్ల అంతానికి వెంటనే తరువాతి కాలపు ఫొరామినిఫెరాలు (గుల్ల కట్టుకునే ఏకకణ సముద్రజీవులు) వాటిలో దొరికాయని గెర్టా కెల్లర్ బృందం 2008లో చెప్పింది. తూర్పున ఇదే లావా కోనసీమ కిందా, సముద్రం అడుగునా కొనసాగుతున్నట్లు చమురు బావుల్లో తేలింది. కృష్ణా గోదావరి బేసిన్ పొరల పట్టికలో దాన్ని రాజోలు ఫార్మేషన్ అంటారు.

ఇక్కడ కనుమల కొలతలు అక్కరకు వచ్చాయి. కింది బసాల్టు రసాయనం అంబేనళితో, పై బసాల్టు రసాయనం మహాబలేశ్వర్‌తో సరిపోయాయి. అయస్కాంత గుర్తులు కూడా కలిసివచ్చాయి. కింది ప్రవాహం భూమి అయస్కాంత ధ్రువాలు తారుమారుగా ఉన్న 29ఆర్ కాలానిది, పైది అవి సర్దుకున్న తరువాతి 29ఎన్ కాలానిది. కనుమల్లోనూ అంబేనళి 29ఆర్‌లో పడుతుంది, మహాబలేశ్వర్ పొరల్లో ధ్రువాల మార్పు నమోదైంది. దీన్ని ఆధారం చేసుకుని అజయ్ బక్షీ బృందం 1994లో, స్టీవెన్ సెల్ఫ్ బృందం 2008లో, ఈ లావా పడమటి కనుమల వైపు పుట్టి, ఆనాటి నదీలోయల వెంబడి సుమారు 1,000 కిలోమీటర్లు పారి ఇక్కడికి చేరిందని వాదించారు. అదే నిజమైతే భూమి మీద మనకు తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇవి ఉంటాయి. ఇవి ఇక్కడి చీలికల నుంచే పొంగాయని వాదించిన వారూ ఉన్నారు. తీరపు బేసిన్‌లో పగుళ్లు ఉన్నమాట నిజం కనుక ఆ వాదన ఊరికే పుట్టినది కాదు. నా మొగ్గు మొదటిదాని వైపే. కల్తీ లేని మాంటిల్ ద్రవం ఎక్కడ వచ్చినా ఒకే పోలికలో ఉండవచ్చు కాబట్టి అంబేనళితో పోలిక ఒక్కటే అయితే నేను అంతగా నమ్మేవాణ్ణి కాను. అరుదైన మహాబలేశ్వర్ పోలిక, అదే వరుసలో, అదే అయస్కాంత క్రమంలో ఇక్కడ కూడా దొరకడమే నాకు బలమైన సాక్ష్యం. కనుమల కింద ఉన్న లిథోస్ఫియర్ లేదా కింది భూపటలమూ, రాజమండ్రి కింద ఉన్న తూర్పు కనుమల శిలలూ ఒకే ముద్ర వేయడానికి కారణం కనిపించదు.

సభ నుంచి వచ్చిన రెండు ప్రశ్నలకు జవాబు చెప్పి ముగిస్తాను.

మొదటి ప్రశ్న: వెయ్యి కిలోమీటర్లు పారే లోపల లావా చల్లారి ఆగిపోదా? బయట గాలికి విడిచిపెడితే ఆగిపోతుంది. అయితే బసాల్టు లావా మీద వెంటనే తొక్క కడుతుంది. మరిగిన పాల మీద మీగడ కట్టాక లోపలి పాలు ఎంతసేపు వేడిగా ఉంటాయో మీకు తెలుసు, ఇక్కడా అంతే. ఆ తొక్క కింద వేడి ద్రవం వచ్చి చేరుతూ ఉంటుంది, తొక్క పైకి ఉబ్బుతుంది, ముందు అంచు పగిలి ఒక అడుగు ముందుకు సాగుతుంది, మళ్లీ తొక్క కడుతుంది. అలా కప్పుకుని పారే లావా కిలోమీటరుకు ఒక డిగ్రీ కన్నా చాలా తక్కువ వేడిని కోల్పోతుందని ఇప్పటి అగ్నిపర్వతాల మీద చేసిన కొలతలు చూపిస్తున్నాయి. సుమారు 1,150 డిగ్రీల దగ్గర బయలుదేరిన ద్రవానికి అది భరించగలిగిన నష్టమే. కావలసిందల్లా ఎడతెగని సరఫరా. ఐస్‌లాండ్‌లోని లాకీ చీలిక 1783లో మొదలై ఎనిమిది నెలల్లో సుమారు 15 ఘన కిలోమీటర్ల లావా ఇచ్చింది. చరిత్ర కాలంలో మనిషి చూసిన అతిపెద్ద లావా పొంగుల్లో అదొకటి. దక్కనులో ఒక్కొక్క పొంగు 1,000 ఘన కిలోమీటర్లు దాటి ఉంటుందని అంచనా వేస్తున్నారు కాబట్టి, సరఫరాకు లోటు ఉండేది కాదు.

రెండో ప్రశ్న: రెండు వాదాల్లో ఏది సరైనదో తేల్చాలంటే ఇక్కడి విద్యార్థులు ఏం చేయగలరు? ఖరీదైన యంత్రాలు లేకుండా చేయదగిన పని ఉంది. లావా ప్రవాహపు అడుగున సన్నని గొట్టాల్లాంటి గాలి రంధ్రాలు ఏర్పడతాయి. లావా పారిన దిక్కుకు అవి కొంచెం వంగి ఉంటాయి. క్వారీ గోడల మీద వాటి వాలును, దిక్కును వీలైనన్ని చోట్ల కొలిచి పటం మీద గుర్తించండి. వాలు అన్ని చోట్లా పడమర నుంచి తూర్పుకు చూపిస్తే సుదూర మూలానికి బలం చేకూరుతుంది, చెల్లాచెదురుగా ఉంటే మరోసారి ఆలోచించాలి. ఈ ప్రాంతంలో పాత శిలలను కోసుకుంటూ పోయే డైకు ఏదైనా తగిలితే దాని ముక్కను తప్పకుండా తీసి ఉంచండి. తీసేటప్పుడు తెల్లని జియోలైట్ ఖనిజాలు నిండిన బుడగల భాగం వదిలేసి, ప్రవాహం నడుమ ఉన్న గట్టి, తాజా రాతినే తీయాలి. నీరు తాకి మారిన రాతిలో రుబీడియం, స్ట్రాన్షియం కొలతలు నమ్మదగినవి కావు. ఇక తెలంగాణ అంచుకూ గోదావరి గట్టుకూ మధ్య ఉన్న ఆ 400 కిలోమీటర్ల ఖాళీలో, పాత వాగు లోయ ఏదైనా కప్పుకుపోయిన చోట, ఒక చిన్న బసాల్టు తునక దొరికి, దాని ఐసోటోపులు మహాబలేశ్వర్ వరుస మీద పడితే, స్థానిక చీలికల వాదం నిలబడడం కష్టమవుతుంది. ఆ తునకను వెతకవలసింది బావులు తవ్వే చోట, రోడ్లు కోసే చోట.